నా శత్రువుల లెక్క

సోమవారం, ఉదయం 6
నిర్ణయం! ఆదివారంలోగా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటాను.

నిన్న భోజనాల దగ్గర బావమరిది అందరి ముందూ అన్నాడు: "బావా, వయొలిన్ అటకెక్కించావు, చదరంగం అటకెక్కించావు. ఆ పాత కంప్యూటరైనా నాకిచ్చెయ్." ప్రోగ్రామరైన కోడలు తీర్పు చెప్పింది: లింక్డ్ లిస్టులో ఎన్ని పెట్టెలున్నాయో లెక్కపెట్టే ప్రోగ్రాం రాస్తే కంప్యూటర్ నాది. లేకపోతే వాడిది.

లింక్డ్ లిస్టంటే గూడ్సుబండి లాంటిదట. ప్రతి పెట్టెకీ తన తర్వాతిది ఏదో తెలుసు. ఆఖరిదాని తర్వాత శూన్యం. మన చేతిలో ఉండేది మొదటి పెట్టె ఒక్కటే. ఇంతేనా! తర్కశాస్త్రం మూడు సంపుటాలు నమిలినవాణ్ణి.

మంగళవారం
పుస్తకంలో పెట్టెల నిండా పళ్ళు. ఆపిల్, అరటి! నేనేం పసివాణ్ణా? నన్ను ముంచినవాళ్ళని పెట్టాను. మొదట హెడ్ క్లర్కు. వాడు పరిచయం చేసిన ప్రచురణకర్త, నా వ్యాసాలు ఏళ్ళ తరబడి సొరుగులో మగ్గబెట్టి అచ్చేసిన ఘనుడు. ఆయన పిలిచిన విమర్శకుడు, అట్ట మాత్రమే చదివి ఉతికి ఆరేశాడు. ఒకడి వెనక ఒకడు, గొలుసు దానంతటదే కుదిరింది. చిట్టచివర బావమరిది.

బుధవారం
ప్రోగ్రాం ముట్టుకోలేదు. మనుషులు గుర్తొస్తున్నారు. పళ్ళ డాక్టరు! లైబ్రేరియన్!! ఇరికించాను.

గురువారం
కుర్చీ సరిగా లేదు. కళ్ళద్దాలు సరిగా లేవు. కీబోర్డు మీద అక్షరాల్ని ఎవడో మూర్ఖుడు చల్లాడు. వాణ్ణీ మధ్యలో దూర్చాను.

శుక్రవారం
జ్వరం. అంటే, వచ్చేలా ఉంది.

శనివారం
వచ్చింది! జ్వరం కాదు, జవాబు. పద్నాలుగు!
కోడలు: "ఇంకోసారి లెక్కపెట్టించండి మామయ్యా."
"వచ్చిన జవాబు మళ్ళీ ఎందుకమ్మా?"
నవ్వేసింది.

ఆదివారం
కంప్యూటర్ కొత్తగా తెరిచి, అందరూ చూస్తుండగా నొక్కాను. పద్నాలుగు! బావమరిది మొహం చూడాలి.
"ఏదీ, ఇంకోసారి నొక్కు బావా."
నొక్కాను. సున్నా.
మళ్ళీ. సున్నా!
కోడలు మెల్లగా చెప్పింది: "లెక్కకి వేరే వేలు వాడాలి మామయ్యా. మీరు మొదటి పెట్టె పట్టుకున్న చేతినే జరుపుకుంటూ పోయారు. చివరికి ఆ చేతిలో శూన్యమే మిగిలింది."
జీవితమంతా పోగేసిన శత్రువులు ఒక్క లెక్కతో గల్లంతు!
బావమరిది కంప్యూటర్ మోసుకుపోతూ మెట్ల మీద ఆగాడు. "ఈ శత్రువుల వరసలో నేనెన్నోవాణ్ణి?"
"ఆఖరివాడివి."
"ఆఖరా?" మొహం చిన్నబోయింది. "నలభై ఏళ్ళ కష్టం బావా!"

సోమవారం, ఉదయం 6
ఫోను. "బావా, దీన్ని ఎక్కడ నొక్కితే వెలుగుతుంది?"
వెధవ. చెప్పినా అర్థం కాదు, నేనే వెళ్ళాలి.
నిర్ణయం! రోజూ పొద్దున్నే వాడింట్లో ప్రోగ్రామింగ్. ఈసారి మొదటి పెట్టె వాడిదే. లెక్కకి వేరే వేలు. పట్టుకున్న చెయ్యి మాత్రం వదలను.