గేటు మీటింగులో చదవాల్సిన పేరు

ఆదివారం, రాత్రి

సమ్మెకు సిద్ధమైన కార్మికుల పేర్లు మేనేజ్‌మెంటుకు చేరవేసినవాడు యాదగిరి. వాళ్ల ఉద్యోగాలు పోయాయి. రేపు కాజీపల్లిలో ఫ్యాక్టరీ గేటు ముందు యూనియన్ తరఫున నేను వాణ్ణి పేరుపెట్టి ద్రోహి అనాలి. వెట్టి చేయనని దొరకు ఎదురుతిరిగిన తాత కథతో మొదలయ్యే ఆ ఉపన్యాసాన్ని సాయంత్రం మేనత్తకు చదివి వినిపించాను.

"మీ తాత ఎదురు తిరగలే బిడ్డా. తిరిగినోళ్ల ఇండ్లు దొర మనుషులకు చూపిచ్చిండు. ఈ ఇంటి జాగ గట్లనే వచ్చింది," అంది.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే అత్తా?"

"నువ్వెన్నడన్న అడిగినవా? నీకు చెప్పుడే ఎరుక."

తాత భయపడి ఉంటాడని వాదించబోయి ఆగిపోయాను. భయమే సాకైతే యాదగిరికీ పిల్లలున్నారు.

వాడి పేరు కొట్టేయలేదు. దానిపైన తాత పేరు రాశాను. రేపు మొదట అదే చదవాలి.