ఎర్ర కారులో పక్క సీటు

మార్చి 4

కారు వచ్చింది. ఎర్రది. మిరపపండు ఎరుపు, పైకప్పు మాత్రం తెలుపు. రెండే తలుపులు. వెనక సీటు ఉంది గానీ అందులో సంచులు కూర్చుంటాయి, మనుషులు కాదు. కావాలనే ఇది కొన్నాను. షోరూంలో టై కట్టుకున్నవాడు, ఈ వయసులో పెద్ద కారైతే ఎక్కడం దిగడం సుఖం సార్ అన్నాడు. పెద్ద బండి నడిపీ నడిపీ విసుగెత్తింది, చిన్నది చూపించు అన్నాను.

తలుపు వేస్తే టప్ మంటుంది. ఆ చప్పుడు కోసం ఊరికే వేశాను, తీశాను, వేశాను. స్టీరింగ్ ఒక్క వేలితో తిరుగుతుంది. మా సందు మలుపులో ఒక్క దెబ్బకు తిరిగింది.

మా వాడు ఫోన్ చేశాడు. నాన్నా, నీకు డెబ్బై దాటాయి, ఇప్పుడీ సోకేమిటి అన్నాడు. సోకు చేసుకోవడానికి వయసు సర్టిఫికెట్ కావాలా అని ఫోన్ పెట్టేశాను.

కొన్నది మా ఆవిడను పక్కన కూర్చోబెట్టుకోవడానికి. ఇక్కడ రాస్తున్నాను గానీ నోటితో అనను.

మార్చి 5, పొద్దున్న ఆరు

గుడ్డతో తుడిచాను. ముందు లైట్లు గుండ్రంగా, ఇప్పుడే నిద్ర లేచినట్టు ఉన్నాయి. మా ఆవిడ కిటికీలోంచి చూసి రంగు బాగుంది అంది. ఎక్కు, అలా తిరిగొద్దాం అన్నాను. మీ బండి ఎక్కాలంటే పడుకునే ఎక్కాలి కదండీ, నాకింకా టైముంది అంది. వెళ్ళి కుట్టు మిషన్ ముందు కూర్చుంది.

అవును. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో శవాల బండి నడిపాను. అయితే ఏంటి? నా చేతిలో ఎవరూ చావలేదు. చచ్చాకే నా చేతికొచ్చారు. అందరినీ భద్రంగా దింపాను. నా డ్రైవింగ్ బాలేదని ఒక్కరూ అనలేదు.

మార్చి 9

మా సందులో కారు పట్టే చోటు మందుల షాపు పక్కన ఒక్కటే. షాపువాడు బయటికొచ్చి, పెద్దాయనా, కొంచెం అవతల పెట్టుకో, నిన్ను చూస్తే మందులు కొనేవాళ్ళకు నమ్మకం పోతుంది అన్నాడు. అక్కడున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నీ మందులు పనిచేసి ఉంటే నాకు అన్ని డ్యూటీలు పడేవి కాదురా అన్నాను.

కారు అక్కడే ఉంది. రేపూ అక్కడే ఉంటుంది.

మార్చి 12

రేడియో పెట్టాను. సౌండు పెంచాను. వ్యానులో రేడియోనే లేదు.

మార్చి 17, సాయంత్రం

మెయిన్ రోడ్డు మీద అద్దంలోకి చూశాను. నా వెనక కార్లు, బైకులు, ఒక బస్సు వరసగా నెమ్మదిగా వస్తున్నాయి. ఎవరూ హారన్ కొట్టడం లేదు. ఫుట్‌పాత్ మీద ఒకాయన టోపీ తీసి నిలబడ్డాడు. ఎర్ర కారుకు! అప్పుడు అర్థమైంది. ఉద్యోగం నేను మానేశాను గానీ నా కాలు మానలేదు.

ఒళ్ళు మండి ఒక్క నొక్కు నొక్కాను. బాణంలా పోయింది. చిన్నదే గానీ పొగరుంది. నచ్చింది. ఎదురుగా ఎవరూ లేకపోయినా హారన్ కొట్టాను.

ఇంటికొచ్చి చెబుదామనుకున్నాను. మిషన్ చప్పుడులో ఆవిడకు వినపడలేదో, వినదలచుకోలేదో.

మార్చి 26

మా వాడు వచ్చాడు. వాళ్ళ ఆఫీసులో ఒకడు ఈ కారు కొంటాడట. అమ్మ ఎక్కదు, మేం పట్టం, ఇది ఎవరి కోసం నాన్నా అన్నాడు. నా కోసంరా అన్నాను. ఖాళీ సీటు వేసుకుని తిరుగుతావా అన్నాడు. తిరుగుతాను, నీకేం నొప్పి అన్నాను. విసవిసా వెళ్ళిపోయాడు.

మిషన్ ఆగింది. మా ఆవిడ తలెత్తకుండా చెప్పింది. శవాలంటే నాకు భయం కాదు అంది. మా అమ్మను తీసుకెళ్ళిన రోజు మీరే నడిపారు, నేను బయట నిలబడి మీ మొహం చూశాను అంది. కన్ను తడవలేదు, బుగ్గ కదల్లేదు, ముక్కూ మొహం తెలియనివాళ్ళను తీసుకెళ్తున్నట్టు ఉన్నారు, అమ్మ మిమ్మల్ని కొడుకులా చూసుకుంది అంది. మీరు స్టీరింగ్ పట్టుకుంటే నాకు ఆ మొహమే కనిపిస్తుంది, దాని పక్కన కూర్చోలేను అంది.

ఏడిస్తే రోడ్డు కనపడదే అన్నాను. తెలుసు అంది. తెలిసినా అంతే అంది.

ఇన్నేళ్ళూ ఒక్క మాట అనలేదు. నాకు కోపమొచ్చింది. ఎవరి మీదో తెలియదు. తాళం తీసి మిషన్ బల్ల మీద పడేశాను. అయితే నువ్వే నడుపు అన్నాను.

మార్చి 27

తాళం అడిగాను. ఇవ్వలేదు.

ఏప్రిల్ 13

ఎల్ బోర్డు కట్టాం. అక్కడిదాకా అని తాళం ఇచ్చింది. మా సందు వెనక గ్రౌండుకు నేను కారులో వెళ్ళాను, ఆవిడ నడిచి వచ్చింది. అయినా నాకంటే ముందే చేరింది.

క్లచ్ చూపించాను. ఇది మిషన్ తొక్కుడే కదా అంది. మిషన్ తొక్కినట్టే మడమా వేళ్ళూ ఆడించింది. కారు కప్పలా గెంతింది. నా తల పైకప్పుకు కొట్టుకుంది. కాలు ఆడించకే, అక్కడ గుడ్డేం లేదు అని అరిచాను. ఆవిడ బ్రేకేసి దిగండి అంది. నా కారులోంచి నన్నే! దిగను అన్నాను. ఇంజిన్ ఆపి చేతులు కట్టుకుని కూర్చుంది. దిగాను.

ఒంటరిగా గ్రౌండు చుట్టూ తిప్పింది. ముందు వంకరగా, తర్వాత చక్కగా, మిషన్ మీద అంచు కుట్టినట్టు. నా కారు నడుస్తుంటే బయటి నుంచి నేనెప్పుడూ చూడలేదు. ఎండలో ఎర్రగా మలుపు తిరుగుతుంటే ఎంత అందంగా ఉందో. అందులో మనిషి కూడా.

మే 29

మా ఆవిడకు లైసెన్సు వచ్చింది. మా వాడు ఫోన్‌లో, అమ్మకు కూడా పిచ్చెక్కించావా అన్నాడు. ఆవిడ ఫోన్ లాక్కుని, మీ ఆఫీసాయనకు చెప్పు, కారు అమ్మడం లేదు, ఓనరమ్మ ఒప్పుకోలేదని చెప్పు అంది.

ఓనరమ్మట. కాగితాల్లో పేరు నాది. తాళం మాత్రం ఆవిడ దగ్గర.

జూన్ 1, పొద్దున్న

పక్క సీట్లో కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మెయిన్ రోడ్డు ఎక్కాక ఎందుకో కళ్ళల్లోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. రోడ్డు ఆవిడ చూసుకుంటోంది కదా.

ఎక్కడికి పోదాం అని అడిగింది. బండిలో నన్నెవరూ ఆ మాట అడగలేదు. తెలియదన్నాను.

మంచిదే అని గేరు మార్చింది.