శాంత బడి గురించి సీతాబాయి రాయించిన వీలునామా

నేను, యెనగందుల సీతాబాయి, కీ.శే. రాజారాం భార్యను, వయసు అరవై ఒకటి, వృత్తి బీడీలు చుట్టడం, కాపురం సోలాపూర్ భవాని పేట్, ఈ వీలునామా రాయిస్తున్నాను. నా ఊపిరితిత్తులు చెడ్డాయి గానీ మతి చెడలేదు. ఎవరి బలవంతమూ లేదు. నాకు చదువు రాదు కనుక నేను చెబుతుంటే తెలుగు బడిలో హెడ్మాస్టరుగా రిటైరైన నరసయ్య గారు రాస్తున్నారు. పుస్తకాల తెలుగులో పెడతానన్నారు. సరేనన్నాను. ఎవరైనా అన్న మాటను మాత్రం అన్నది అన్నట్టే రాయమన్నాను.

1. భవాని పేట్‌లోని గది, ముందున్న వరండాతో సహా, నా కొడుకు వెంకటేశ్‌కు చెందాలి. అయితే నా మనవరాలు, కీ.శే. మంగళ కూతురు శాంత, తనంతట తాను వెళతాననేదాకా ఆ ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉంది. ఆమెను వెళ్లమనే అధికారం వెంకటేశ్‌కు గానీ అతని భార్యకు గానీ లేదు. కోడలు మంచిదే. అయినా రాయిస్తున్నాను.

2. ముప్పై ఏళ్లు నా పక్కన కూర్చుని బీడీలు చుట్టిన యమునాబాయికి నా చాట, కత్తెర. ఆకు కత్తిరించడంలో ఆమెది నాకంటే మంచి చేయి. ఆ మాట ఆమెతో ఎన్నడూ అనలేదు.

3. నా కూతురు మంగళ ఏడో తరగతి మార్కుల కాగితం, నా చెవి కమ్మలు శాంతకు. ఆ కాగితం ఎందుకు దాచానో ఆమెకు తెలియాలి.

మంగళ 1981లో మున్సిపాలిటీ తెలుగు బడిలో ఏడు పాసైంది. అన్నిటిలో మొదటిది. సర్కారు తెలుగు హైస్కూల్లో ఎనిమిదిలో చేర్పించమని చెప్పడానికి నరసయ్య గారు మా గడపదాకా వచ్చారు. నేను చాట పక్కన పెట్టి లేవనైనా లేదు. "మీ బడిల సదివినోళ్లంత మగ్గాల కాడనే ఉన్నరు సారూ. నా బిడ్డ ఇంగ్లీషు బడికి పోతది" అన్నాను. ఆయన వెనుదిరిగి వెళ్లిపోయారు.

ఆ ప్రైవేటు బడిలో ఇంగ్లీషు రాదని మంగళను అయిదో తరగతిలో కూర్చోబెట్టారు. పదమూడేళ్ల పిల్ల. మోకాళ్లు బెంచీ కింద పట్టేవి కావు. చిన్నపిల్లలు పెద్దావిడ అనే అర్థంలో "మోఠీబాయి" అని పిలిచేవారు. ఒకరోజు అన్నం తింటూ, "అమ్మా, ఆ బడిల నాకు ఏం రాదు. మా బడిల నాకు అన్ని వస్తుండె" అంది.

"రాకుంటే నేర్సుకో" అన్నాను.

తినే చేయి ఆగింది. చూశాను. చూసి కూడా ఆకు కత్తిరించుకుంటూ కూర్చున్నాను.

రెండేళ్లు వరసగా తప్పింది. 1983లో బడి మానేసి, చాట ముందేసుకుని నా పక్కన కూర్చుంది. ఆ రోజు నేను సంతోషపడ్డాను. పనికి ఇంకో రెండు చేతులు వచ్చాయని సంతోషపడ్డాను. ఇది రాయించకపోతే ఈ కాగితం అబద్ధమవుతుంది.

1986లో పెళ్లి చేశాం. 1992లో రెండో కాన్పులో బిడ్డతో పాటు పోయింది. అప్పటికి శాంతకు అయిదేళ్లు. అల్లుడు భివండి వెళ్లి మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. అతని నుంచి ఏమీ అడగను.

4. నా భర్త నేసిన ఎర్ర అంచు చద్దరు నరసయ్య గారికి. ఆయన వద్దన్నారు. మూడో అంశం రాసి కలం కింద పెట్టి, పదహారేళ్లుగా నాకు చెప్పని మాట చెప్పారు. బడి మానేసిన ఏడాది మంగళ ఆయన ఇంటికి వెళ్లిందట. "సారూ, నన్ను మల్ల సర్కారు బడిల కూసోనిస్తరా?" అని అడిగిందట.

"మీ అమ్మను తోల్కరా, నేను రాయిస్త" అన్నారట ఆయన.

"అమ్మ రాదు సారూ. మీ ముందల నిలవడాల్నంటె అమ్మకు సిగ్గయితది. ఉండనీయిండ్రి" అని వచ్చేసిందట.

నన్ను పిలిచి ఉంటే వెళ్లేదాన్నా? వెళ్లేదాన్ని కాదు. నా బిడ్డకు నేనేమిటో తెలుసు.

నేను అన్న మాటకు అలిగి తాను అప్పుడు మళ్లీ మా గడప తొక్కలేదని నరసయ్య గారు కన్నీళ్లు పెట్టుకున్నారు. అది ఇందులో రాయవద్దన్నాను. రాశారు.

5. శాంత మొన్ననే ఏడో తరగతి పాసైంది. ప్రైవేటు ఇంగ్లీషు బడిలో వేద్దామని వెంకటేశ్ అంటాడు. "పిల్లను మల్ల మగ్గాల కాడికే తోలుదామా అమ్మా? పవర్‌లూముల నా చెవులే పోయినయి" అంటాడు. అతని మాట నిజమే. అర్థమయ్యే భాషలో సర్కారు హైస్కూల్లో చదవాలని నరసయ్య గారంటారు. అదీ నిజమే. ఏది మంచిదో నాకు తెలియదు. ఒకసారి తెలుసనుకున్నాను. అందుకని ఇందులో ఏ బడి పేరూ రాయించడం లేదు.

నా ప్రావిడెంట్ ఫండు మొత్తం, ఏ బడైనా సరే, శాంత చదువుకే. చేర్చేముందు రెండు బడులకూ తీసుకెళ్లి తరగతిలో కూర్చోనివ్వాలి. చేరాక మధ్యలో ఆ బడి వద్దు, రెండో బడికి పోతానంటే, వెంకటేశ్ స్వయంగా వెళ్లి ఆ రెండో బడి హెడ్మాస్టరు ముందు నిలబడాలి. ఎవరెంత నవ్వినా సరే.

6. ఈ వీలునామాను నరసయ్య గారు, వెంకటేశ్ ఇద్దరూ కలిసి అమలు చేయాలి.

నిన్న శాంతను దగ్గర కూర్చోబెట్టుకుని ఏ బడికి పోతావని అడిగాను. "నువ్వు ఏదంటె అదే అమ్మమ్మా" అంది. నాకు భయమేసింది. ఆ జవాబు తీసుకోకండి. ఇంకోసారి అడగండి. విసుక్కోకుండా అడగండి. ఆమె నోట ఆమె మాట వచ్చేదాకా అడగండి.

సోలాపూర్, 9 మే 1999.

యెనగందుల సీతాబాయి, ఎడమ బొటనవేలి ముద్ర

చదివి వినిపించగా ఆమె ఒప్పుకొని ముద్ర వేయడం చూసిన సాక్షులు:
కొమురయ్య, మగ్గం కార్మికుడు, భవాని పేట్
సుందరాబాయి, బీడీ కార్మికురాలు, నీలం నగర్

రాసినవారు: నరసయ్య