ఇరవై అంగుళాల చక్రాలు, నా కోడలు సుజాతకు

కీర్తిశేషులు ఇమ్మానుయేలు గారి భార్యను, ఆళ్లగడ్డ నివాసిని, సర్కారు నర్సుగా రిటైరైనదాన్ని, అరవై తొమ్మిదేళ్ల జీవమ్మ అనే నేను స్థిరమైన బుద్ధితో, ఎవరి ఒత్తిడీ లేకుండా రాయించి, చదివించుకుని విని, సమ్మతించి సంతకం చేస్తున్న వీలునామా ఇది. బుద్ధి స్థిరంగా ఉందని గట్టిగా చెప్పడానికి కారణముంది. ఈ వయసులో మడత సైకిల్ తొక్కే ఆడదానికి మతి ఉంటుందా అని నా కొడుకు శాంసన్ చుట్టాలందరి దగ్గరా అంటున్నాడు. రేపు కోర్టులోనూ అనగలడు. అందుకని డాక్టరు సర్టిఫికెట్ జతపరిచాను. ఆ డాక్టరు దగ్గరికి కూడా సైకిల్ మీదే పోయాను.

1. ఇంతకు ముందు నేను రాసిన వీలునామా ఏదైనా ఉంటే అది రద్దు. దీన్ని అమలు చేసే బాధ్యత నంద్యాలలో సైకిల్ షాపు నడిపే ఖాజా పీర్ అన్నకు అప్పగిస్తున్నాను. కన్నకొడుకును ఎందుకు పెట్టలేదో కింద చదివితే తెలుస్తుంది.

2. ఆళ్లగడ్డలోని నా ఇల్లు నా స్వార్జితం. దాన్ని శాంసన్‌కూ, అతని భార్య సుజాతకూ చెరిసగం రాస్తున్నాను. ఐదో క్లాజులోని షరతుకు లోబడి మాత్రమే.

3. నా బీపీ మిషను ఖాజా పీర్ అన్న భార్య ఫాతిమున్నీసాకు. ఒకప్పుడు మా బస్సు కండక్టరు ఏసయ్య, మడిచిన సైకిల్‌కు లగేజీ టికెట్ తీసుకోవాల్సిందేనని పట్టుబట్టి నన్ను సిరివెళ్లలో దింపేశాడు. అక్కడి నుంచి నంద్యాల దాకా తొక్కుకుంటూనే వచ్చాను. ఆ రోజే ఫాతిమున్నీసా కుట్టు మిషను ముందు కూర్చుని సైకిల్‌కు కాన్వాసు సంచి కుట్టింది. సంచి భుజాన వేసుకుని ఎక్కితే ఏసయ్య నా ఒక్కదానికే టికెట్ కొట్టాడు. ఫాతిమున్నీసా, ప్రతి వారం నేనొచ్చి నీ బీపీ చూసేదాన్ని. ఇక నువ్వే చూసుకోవాలి. నేను రాని మొదటి వారం అది పెరుగుతుంది, భయపడొద్దు.

4. నా నల్ల మడత సైకిల్‌ను దాని స్ప్రింగు సీటు, పంపు, సంచితో సహా నా కోడలు సుజాతకు ఇస్తున్నాను.

దీని మీద గొడవ వస్తుందని తెలుసు కాబట్టి వివరం రాయిస్తున్నాను. మొదటి మడత సైకిల్ శాంసన్ కొనిచ్చిందే. పదహారు అంగుళాల చక్రాలు. మడిస్తే సూట్‌కేసంత అవుతుందని వాడికి ముచ్చట. గాలి ఎంత గట్టిగా ఉంటే అంత తేలిగ్గా పోతుందని టైర్లను రాయిలా బిగించి ఇచ్చాడు. రుద్రవరం దారిలో ముందు చక్రం గుంటలో నిలువునా దిగిపోయి నా మణికట్టు విరిగింది. అప్పటి నుంచి చిన్న చక్రాల బండి ఆడవాళ్లకు పనికిరాదని వాడి తీర్పు. సర్వీసంతా జనం నడుములూ ఎముకలూ చూసినదాన్ని, నా తీర్పు వేరు. తప్పు ఆ రోడ్డుకు మరీ చిన్నదైన చక్రానిదీ, రాయిలాంటి గాలిదీ. ఖాజా పీర్ అన్న దగ్గర ఇరవై అంగుళాల చక్రాల ఈ నల్ల సైకిల్ కొని, లావు టైర్లు వేయించుకున్నాక అదే గుంటను అదే చేత్తో దాటాను.

పెద్ద చక్రమే సుఖం, కాదనను. కానీ పెద్ద సైకిల్ బస్సులో పట్టదు. బస్సెక్కని సైకిల్ సుజాతకు అక్కరకు రాదు. సుజాతా, బొటనవేలితో నొక్కితే టైరు కొంచెం లోపలికి పోవాలి. గుంట కనబడితే సీటు మీద నుంచి కొంచెం లేచి, బరువు కాళ్ల మీద వెయ్యి. ఎక్కే ముందు మడత దగ్గరి లాకు చూసుకో.

5. సుజాతకు నంద్యాలలో రక్తపరీక్షల ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. బస్టాండుకూ ల్యాబ్‌కూ దూరమనీ, ఆటోలను నమ్మలేమనీ శాంసన్ వద్దన్నాడు. అత్త సైకిల్ తీసుకుపోతానని తనంటే, "నా పెండ్లాం పిల్లల సైకిల్ తొక్కుతాంటే బజార్లో నా తలకాయ యాడ పెట్టుకోవాల?" అన్నాడు. ఉన్నచోటే పెట్టుకో నాయనా. ఆ సైకిల్‌ను అమ్మినా, దాచినా, తాళం వేసినా, గాలి తీసినా, రాయిలా గాలి కొట్టినా ఇంట్లో శాంసన్ సగం కూడా సుజాతకే చెందుతుంది. టైరు నొక్కి చూసి ఖాజా పీర్ అన్న చెప్పిందే ఖాయం.

6. ఇమ్మానుయేలు గారి పెద్ద సైకిల్ శాంసన్‌కు. చిన్నప్పుడు నిన్ను కూర్చోబెట్టుకోవడానికి మీ నాయన దాని ముందు కడ్డీకి టవలు చుట్టేవాడు, గతుకులు నీకు తగలకూడదని. ఆయన భుజం మీద ఉండాల్సిన టవలు కడ్డీకి ఉందని బజారంతా నవ్వేది. ఆయన పట్టించుకోలేదు. ఆ టవలు ఇంకా నా పెట్టెలో ఉంది, అదీ నీకే. నువ్వంటే నాకు కోపం ఉంది, ప్రేమ కూడా అంతే ఉంది.

7. ఈ వీలునామాకు సాక్షి సంతకం తానే పెడతానని శాంసన్ ముందుకొచ్చాడు. సాక్షికి గానీ, సాక్షి భార్యకు గానీ రాసింది చెల్లదని లాయరమ్మ చెప్పింది. అంటే వాడు సంతకం పెడితే సుజాత సైకిల్ పోయేది, ఇల్లూ పోయేది, ఒక్కడే వారసుడు కాబట్టి అన్నీ వాడికే చేరేవి. తెలిసి అడిగాడో తెలియక అడిగాడో నేను అడగలేదు. అందుకే నేను ఏమీ ఇవ్వనివాళ్లనే సాక్షులుగా పిలిచాను. ఒకరు పక్కింటి సువార్తమ్మ. రెండోవాడు ఏసయ్య. నా చేతి నుంచి నీకు పైసా రాదని సిరివెళ్లలో అతనికి చెప్పాను, మాట నిలబెట్టుకుంటున్నాను.

8. ఈ వీలునామా నేను పోయాకే అమల్లోకి వస్తుంది. అంతవరకూ సైకిల్ నాది, ఎవరికి అరువిస్తానో నా ఇష్టం. సుజాతకు తొక్కడం రాదని శాంసన్ అనుకుంటున్నాడు. ఆదివారం ఆరాధన అయ్యాక వాడు ఇంట్లో నిద్రపోయే వేళ చర్చి ఆవరణలో నేనే నేర్పించాను. ఈ పొద్దున ఇద్దరం ఒకే బస్సులో నంద్యాలకు వచ్చాం. బస్టాండులో సైకిల్ విప్పుకుని తను ల్యాబ్‌కు, ఉద్యోగంలో చేరడానికి పోయింది. నేను ఆటో ఎక్కి ఈ సంతకానికి వచ్చాను. సాయంత్రం ఆళ్లగడ్డలో బస్సు దిగి, తను ఆ సంచితో ఇంట్లో అడుగుపెట్టగానే శాంసన్‌కు అంతా తెలుస్తుంది. ఈ వీలునామా చదివేనాటికి నేనుండను. ఈ సాయంత్రం మాత్రం సుజాత పక్కనే ఉంటాను.

నంద్యాల, 2025 నవంబరు 3, సోమవారం.

(సంతకం) జీవమ్మ

పై సంతకం మా ఎదుట జరిగింది. సాక్షులు:
సువార్తమ్మ, ఆళ్లగడ్డ
ఏసయ్య, రిటైర్డ్ బస్సు కండక్టరు, ఆళ్లగడ్డ