వాన ఆగని నగరానికి వారసులు

ధర్మవరంలో పట్టుచీరలకు డిజైన్లు గీసే ప్రమోద అనే నేను, కీర్తిశేషులు వెంకటరాముడు గారి కుమార్తెను, వయసు నలభై మూడేళ్లు, అవివాహితను, పూర్తి తెలివిలో ఉండి, ఎవరి ఒత్తిడీ ప్రలోభమూ లేకుండా నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. "పూర్తి తెలివిలో" అన్న మాట కింద గీత గీశాను. వచ్చే బుధవారం బెంగళూరులో నా తలలోని గడ్డ తీస్తారు. ఆ తర్వాత ఈ మాట రాసే అర్హత నాకుంటుందో లేదో డాక్టర్లే చెప్పలేకపోతున్నారు. జ్ఞాపకాలు పోవచ్చు, కుడిచెయ్యి మొండికేయవచ్చు, అసలేమీ కాకపోవచ్చు అన్నారు. ఆ చివరి మాటను నమ్ముదామంటే మనసు ఒప్పడం లేదు.

1. ఈ వీలునామా అమలు బాధ్యత హిందూపురంలో పాత పుస్తకాల అంగడి నడిపే నా స్నేహితురాలు హరితది. ఈ బొమ్మల నవలల పిచ్చి నాకు అంటించింది ఆమే కాబట్టి తప్పించుకోవడానికి వీల్లేదు.

2. ఇంట్లో నా భాగం తమ్ముడు మురళికి దఖలుపరుస్తున్నాను. మా అవ్వ కుళ్ళాయమ్మ బతికున్నంత కాలం నడిమి గది అవ్వదే. అందులోకి చీరల మూటలు చేర్చరాదు. డిజైన్ల కంప్యూటరు, నేను గీసిన అంచులు, కొంగులు కూడా మురళివే. వాటిని వాడు ఏ మెషీనుకైనా చూపించుకోవచ్చు. ఈ మాట ప్రత్యేకించి ఎందుకు రాస్తున్నానో అయిదో అంశంలో తెలుస్తుంది.

3. నా బీరువాలోని సైబర్‌పంక్ నోయిర్ గ్రాఫిక్ నవలలన్నీ హరిత అంగడికి చేరాలి. అమ్మరాదు, అద్దెకివ్వాలి. రాబోయే కాలపు నగరాల్లో నేరాలు ఛేదించే బొమ్మల కథలు అవి. మగ్గాల ఇంట్లో పుట్టినదానికి వీటి మీద ఇంత మోజేమిటని బంధువులు నవ్వారు. వాళ్లకు జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆ నగరాల్లో ఎప్పుడూ వాన. ప్రతి పేజీలో తడిసిన వీధి, నీళ్లలో వణికే దీపాల అక్షరాలు. మబ్బు పట్టిందంటే మిద్దెక్కి చూసే ఊళ్లో పెరిగిన పిల్లకు అంతకంటే ఏం కావాలి? తర్వాత ఇంకొకటి పట్టుకుంది. ఆ కథల్లో చెయ్యి, కన్ను, జ్ఞాపకం అన్నీ మార్చేస్తారు. చివరికి మిగిలిన మనిషి నేనేనా అని ఆ మనిషే వెతుక్కుంటుంది. అప్పుడు సరదాగా చదివాను. ఇప్పుడు అదే పేజీ తిప్పాలంటే భయమేస్తోంది.

4. నా నల్ల రెయిన్‌కోటు హరితకు. బొమ్మలో కోటు మడతలు ఎలా పడతాయో చూసుకోవడానికి కొన్నాను. ధర్మవరంలో అది సరిగ్గా తడిసిన రోజు లేదు.

5. నేను గీస్తున్న నవల చివరి అధ్యాయం ఇంకా మిగిలే ఉంది. అందులో హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఒకే మహానగరం. నడుమ పెనుకొండ కొండ మీద ప్రకటనల వెలుగు. ఇనుప చెయ్యి ఉన్న అరుణ, జనం పోగొట్టుకున్న జ్ఞాపకాలను వెతికిపెడుతుంది. పోయిన నెల మురళి నాకు చెప్పకుండా ఈ పేజీలను బొమ్మలు గీసే ఏదో ఏఐ మెషీనుకు చూపించి, ముగింపు గీయించుకొచ్చాడు. "దిగులు పడొద్దుక్కా, నువ్వు లేకపోయినా అది గీసేస్తాది" అన్నాడు. ధైర్యం చెప్పాననుకున్నాడు పాపం. అందులో అరుణ నవ్వుతోంది. పుస్తకమంతా ఆమెను ఒక్కసారి కూడా నవ్వనివ్వలేదు నేను. ఆ నవ్వును ఒక చోటు కోసం దాచాను. వాడి మీద కోపం ఇంకా తగ్గలేదు, ప్రేమా తగ్గలేదు. అయినా షరతు షరతే. నా నవలను ఏ మెషీనుతోనూ పూర్తి చేయించరాదు. మగ్గం మీది చీర సగంలో ఉండగా నేసేవాడు పోతే, ఇంట్లో ఇంకొకరు కూర్చుని నేస్తారు. చెయ్యి మారిన చోటు చూసేవాళ్లకు తెలుస్తుంది, తెలియనీ. నేను పోతే హరిత గీయాలి. ఆమె గీతలు వంకరవని నాకు తెలుసు.

6. ఈ అంశం కొట్టేయమని వకీలు తిమ్మరాజు గారు పట్టుబట్టారు. "వీలునామా పోయినాకే చెల్లుతాదమ్మా. బతికుంటే ఇది ఉత్త కాయితం" అన్నారు. నిజమే. కానీ నా భయం చావు గురించి కాదు. ఆపరేషన్ తర్వాత నా మంచం మీద లేచి కూర్చునే ఆడమనిషి గురించి. ఆమెకు నేనెవరో తెలియకపోతే? ఈ బొమ్మలు చూసి ఇవెవరివి, పారేయండి అంటే? అందుకని నా నవలనూ కలాలనూ మొదట ఆమెకే రాసిస్తున్నాను. చెల్లకపోయినా సరే.

అది గుర్తుందా, ఇది గుర్తుందా అని ఆమెను పరీక్షలు పెట్టి విసిగించకండి. మా అవ్వకు చూపు ఆనదు కాబట్టి నేను ఒక్కో బొమ్మా నోటితో చెప్పేదాన్ని. అవ్వది బుక్కపట్నం. నగరాలూ యంత్రాలూ తనకు పట్టలేదు. ప్రతిసారీ ఒకటే అడిగేది: "ఇంత వాన పడతాండాదే, మా బుక్కపట్నం చెరువు నిండిందా లేదా? అది గీయలేదేమే నువ్వు?" అరుణ నవ్వు దాచింది ఆ చెరువు నిండే పేజీ కోసమే. ఈ సంగతి అవ్వకు కూడా చెప్పలేదు.

అవ్వ పక్కన ఆమెను కూర్చోబెట్టి, హరితా, మొదటి పేజీ నుంచి నువ్వు చదువు. చెరువు సంగతి ఆమే ఎత్తితే కలం ఆమె చేతిలో పెట్టు, చెయ్యి వణికినా పెట్టు. ఆమె ఏమీ అడగకపోతే బాధపడకు, ఆమెను కసురుకోకు. తొలిసారి వింటోంది కదా, విననీ. అవ్వ ఎలాగూ అడుగుతుంది. అప్పుడు నువ్వు చెరువు గీయడం మొదలుపెట్టు, ఆమెను పక్కనే కూర్చుని చూడనీ.

ఇది చదువుకుని, నా ఇష్టప్రకారమే ఉందని సరిచూసుకుని, కుడిచెయ్యి మాట వింటుండగానే సంతకం చేస్తున్నాను.

ధర్మవరం, 11 జూలై 2025

(సంతకం) వి. ప్రమోద

సాక్షులు:
1. ఆంజనప్ప, మగ్గం నేత, ధర్మవరం
2. సరోజమ్మ, పక్కింటి వాస్తవ్యురాలు, ధర్మవరం