నాలుగో నంబరు మీద రెండు కాంటలు

చిట్యాల, నవంబరు 18

ప్రియమైన ఎల్లేశ్ అన్నకు,

ఫోన్ చేస్తే మూడుసార్లు ‘ఊ’ అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరాన్ని, రోజూ జనగామకు లోడు తీసుకెళ్లే మా లారీ డ్రైవర్ వీరేందర్ చేతికి ఇస్తున్నాను.

మా పత్తి మిల్లులో ట్రాక్టర్లు తూచే కాంట ఆగమైంది. ఇవాళ రైతు చందూలాల్ పత్తి ట్రాక్టర్‌కు, దానికి ముందు తూగిన ట్రాక్టర్ బరువే కిలో తేడా లేకుండా వచ్చింది. “బిడ్డా, గింత లోడు నీకు కండ్ల పడ్తలేదా?” అన్నాడాయన. కాంట కంప్యూటర్ ఇచ్చిన ఆ తూకం చీటీ మీద నేను సంతకం పెట్టలేదు.

మిల్లు ఓనరు జగపతి సేటుకు కోపమొచ్చింది. “కంప్యూటర్ ముసల్దైంది, నీకు చూపు పోయింది. సంతకం పెడ్తవా, ఇంటికి పోతవా?”

“రెండూ చెయ్య” అన్నాను.

శుక్రవారం దాకా గడువిచ్చాడు. చందూలాల్ లోడు దించకుండా ట్రాక్టర్ దగ్గరే కూర్చున్నాడు. కంప్యూటర్ పెట్టె తెరిచాను. కంప్యూటర్లు బాగుచేసేవాడివి, ఏం చూడాలో రాయి.

నీ చెల్లె, తనూజ

జనగామ, నవంబరు 19

తనూజకు,

ముసలిదైతే ఏమైంది? వయసు వల్ల తూకం తప్పుగా రాదు. ట్రాక్టర్ తూగేటప్పుడు పత్తి బేళ్లు తూచే రెండో కాంట కూడా నడుస్తోందా? కంప్యూటర్ పెట్టెలో దాని వైరు ఏ కార్డుకు తగిలించి ఉంది? ఆ కార్డు పిన్నుల మీద చిన్న నల్ల ప్లాస్టిక్ టోపీ ఉంటుంది, కాంట కంప్యూటర్‌ను ఏ నంబరు మీద పిలవాలో అదే చెప్తుంది. ఏ నంబరు మీదుందో చూడు. సంతకం పెట్టకు.

ఎల్లేశ్

చిట్యాల, నవంబరు 20

అన్నా,

బేళ్లు తూస్తుంటేనే ట్రాక్టర్ అంకె బిగుసుకుపోతోంది. టోపీ నాలుగు మీదుంది. “గా కార్డు పెట్టినోడు ఎవడో నాకు యాది లేదు. వాని పేరు చెప్పు, నిన్ను ఇడ్సిపెడ్త” అంటున్నాడు సేటు. నేను చేరకముందు సంగతి, తెలియదన్నాను.

తనూజ

జనగామ, నవంబరు 21

చెల్లె తనూజకు,

ఆ కార్డు పెట్టింది నేనే. నీ మొదటి ఉత్తరంలోనే అనుమానం వచ్చింది, రాయడానికి చెయ్యి రాలేదు. రోజు పని రాసుకునే పుస్తకం తీశాను. జనవరి తొమ్మిది: ‘చిట్యాల మిల్లు. బేళ్ల కాంటకు కార్డు. నంబరు 4. బాగుంది.’ రెండు కాంటలనూ విడివిడిగా చూశాను. కలిపి నడపలేదు. ట్రాక్టర్ కాంటదీ నాలుగే. ఒకే నంబరు మీద రెండూ పిలిస్తే కంప్యూటర్ ఒకదాన్ని వినదు, పాత అంకె దగ్గరే ఆగుతుంది.

టోపీని ఐదు మీదికి జరుపు. కంప్యూటర్ సెట్టింగ్‌లోనూ ఐదు పెట్టు. ఆ నంబరు మీద సౌండ్ కార్డుంటే పీకెయ్, కాంటకు పాటలెందుకు?

శనివారం వస్తాను. తప్పెవరిదో అందరి ముందూ చెప్తాను.

ఎల్లేశ్

చిట్యాల, నవంబరు 22

మా అన్నకు,

కార్డు అంచున నీ పెన్సిల్ రాతను పెట్టె తెరిచిన రోజే చూశాను. నీ అంతట నువ్వే చెప్తావని ఆగాను.

టోపీ జరిపి, రెండు కాంటలూ కలిపి నడిపాను. చందూలాల్ లోడు మొదటి చీటీ కన్నా మూడు క్వింటాళ్లు ఎక్కువ తూగింది. “ఇగ అయిపోయింది, మూసెయ్” అన్నాడు సేటు. నేను మూయలేదు. జనవరి తొమ్మిది నుంచి చీటీలన్నీ తిరగేశాను. ముందు ట్రాక్టర్ బరువే మళ్లీ పడ్డవి నలభై ఒకటి. ఆ రైతులందరినీ పిలిచి లెక్క సరిచెయ్యాలన్నాను.

“నువ్వు పన్ల లేవు, పో” అన్నాడు.

కుర్చీ వదల్లేదు. చందూలాల్ ట్రాక్టర్‌ను గేటుకు అడ్డం పెట్టాడు.

తప్పు ఒప్పుకోవడానికే అయితే రావద్దు. తూకం తప్పడం మొదలైన తేదీకి సాక్ష్యం నీ పుస్తకమే, అది పట్టుకుని రా. గేటు తీయకపోతే ట్రాక్టర్ దగ్గర ఆగు. అక్కడ నీకు చాయ్ పెట్టి ఉంచుతాం.

కాంట దగ్గరే ఉన్న,
నీ తనూజ