పెళ్లి పాటల క్యాసెట్

సిరొంచ, బుధవారం, 2003

పోలీసు సోదాల భయంతో విలేకరిగా నేను రికార్డు చేసిన ఇంటర్వ్యూ క్యాసెట్లన్నిటి మీదా ‘పెళ్లి పాటలు’ అని రాయించింది నా భార్య సుజాతే. కూతురి పెళ్లికని పక్కింటి మల్లక్క అడిగితే, వాటిలో కలిసిపోయిన అసలు పాటలదే అనుకుని ఒకటి తీసిచ్చిందీ తనే. పిచ్చిది, పొరపాటు తెలిసి ఏడుస్తూ కూర్చుంది. తిట్టబుద్ధి కాలేదు.

అందులో ఉన్నది జింగనూర్ ఊరి ముసలాయన ఒకాయన గొంతు. మఫ్టీలో వచ్చిన పోలీసులు తన కొడుకును ఎట్లా ఎత్తుకుపోయారో చెప్పాడు. బయటపడితే ఆయన్నూ బతకనివ్వరు.

అసలు పాటల క్యాసెట్ పట్టుకుని పరుగెత్తాను. పందిట్లో అందరికీ వినపడేలా మల్లక్క, “ఇది ఖరాబైంది తమ్మీ, గరగర తప్ప ఏం ఇనొస్తలేదు” అంటూ నా క్యాసెట్ తిరిగిచ్చింది. ప్రాణం లేచొచ్చింది.

గేటు దాకా వచ్చి, నా చెయ్యి పట్టుకుని మెల్లగా అడిగింది.

“ఆ ముసలాయన కొడుకు దొర్కిండా?”

తల అడ్డంగా ఊపాను. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.